రేస్ వేరు, ఎత్నిసిటీ వేరు అంటున్నారు, అసలు తేడా ఎక్కడుంది?

అలిపిరి పద్మ:
అందరికీ నమస్కారం. మా పాపకి అమెరికాలో ఎమ్మెస్ కోసం అప్లికేషన్లు నింపుతున్నాం. ఒక ఫారంలో ముందు ఎత్నిసిటీ అని అడిగి, హిస్పానిక్ లేదా లాటినో, లేకపోతే కాదు, అని రెండే ఆప్షన్లు ఇచ్చారు. దాని కింద రేస్ అని అడిగి ఐదు గడులు పెట్టారు, అందులో మనకి దగ్గరగా ఉన్నది ఏషియన్ ఒక్కటే. ఎక్కడ టిక్ పెట్టాలో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేశారు, అది ఇబ్బంది కాదు. పాప అడిగిన దానికే నా దగ్గర జవాబు లేదు. "జపాన్ వాళ్లూ మనమూ ఒకే రేస్ ఎట్లా అవుతామమ్మా? మరి తెలుగు అనేది రేసా, ఎత్నిసిటీనా?" అంటోంది. చదువుకున్నవాళ్లు ఉన్నారు కదా ఇక్కడ, కాస్త వివరంగా చెప్పండి. తొందరేం లేదు.

కపిలతీర్థం కుర్రాడు:
రేస్ అంటే ఒంటిరంగు, ముఖం తీరు. ఎత్నిసిటీ అంటే భాష, కల్చర్. తెలుగు ఎత్నిసిటీ అక్కా. అంతే.

ఎస్వీయూ ఆంత్రోపాలజీ:
తమ్ముడు చెప్పింది మొదలుపెట్టడానికి బాగానే ఉంది, అక్కడే ఆగితే మాత్రం పాప ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది పద్మగారూ. నేను యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చదివాను, నాకు అర్థమైనంత రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

రేస్ అనేది బయటివాళ్లు మనిషి ఒంటిని చూసి వేసిన ముద్ర. యూరప్ వాళ్లు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగి భూములు ఆక్రమించుకుంటూ, ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా అమ్ముకుంటున్న కాలంలో ఈ లెక్క బలపడింది. 1795లో బ్లూమెన్‌బాక్ అనే జర్మన్ ప్రొఫెసర్ పుర్రెలు పోల్చి చూసి మనుషుల్ని కాకేసియన్, మంగోలియన్, ఇథియోపియన్, అమెరికన్, మలయన్ అని ఐదు రకాలు చేశాడు. కాకేసియన్ అన్న పేరు ఎట్లా వచ్చిందో తెలుసా, కాకసస్ కొండల వైపు జార్జియా నుంచి వచ్చిన ఒక ఆడమనిషి పుర్రె ఆయన కంటికి అన్నిటికంటే అందంగా కనిపించింది. ఒక రకం ఇంకో రకంలోకి కలిసిపోతూ ఉంటుందని, మధ్యలో గట్టి గీత ఉండదని కూడా ఆయనే రాశాడు. తర్వాతివాళ్లు ఆ మాట వదిలేసి పేర్లు మాత్రం పట్టుకున్నారు.

ఎత్నిసిటీ అంటే, మేం ఫలానావాళ్లం అని ఒక గుంపు తమ గురించి తాము అనుకోవడం, చుట్టుపక్కలవాళ్లు కూడా దాన్ని గుర్తించడం. భాష, తిండి, పండగలు, దేవుళ్లు, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు, మా పెద్దలు ఫలానా చోటి నుంచి వచ్చారని ఇంట్లో చెప్పుకునే కథ, ఇవన్నీ అందులోకే వస్తాయి. వీటిలో ఒకటో రెండో లేకపోయినా ఎత్నిసిటీ నిలబడుతుంది, అందుకే దాన్ని ఒక్క భాషతో కొలవలేం.

ఇక ఫారం సంగతి. అమెరికా ప్రభుత్వం 1997లో ఖాయం చేసిన పద్ధతి అది. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు తెల్లగా ఉండొచ్చు, నల్లగా ఉండొచ్చు, పెరూలో జపాన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లూ ఉన్నారు. వాళ్లని రేస్ గడిలో ఇమడ్చలేక ఎత్నిసిటీ అని ఒక ప్రశ్న పెట్టి, ప్రపంచంలో ఇంకే ఎత్నిసిటీ లేనట్టు అదొక్కటే అడిగారు. ఈ గడులకి శాస్త్రంతో సంబంధం లేదు, ఇవి సామాజిక, రాజకీయ అవసరం కోసమే అని ఆ నిబంధనల్లోనే రాసుకున్నారు. 2024 మార్చిలో రెండు ప్రశ్నల్నీ కలిపి ఒకటి చేసేశారు, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకి కొత్త గడి ఇచ్చారు. మీకు వచ్చింది పాత ఫారం.

మన సంగతి చూడండి. 1920, 1930, 1940 అమెరికా జనాభా లెక్కల్లో భారతీయుల రేస్ "హిందూ" అని రాశారు, సిక్కు అయినా ముస్లిం అయినా సరే. 1970లో వైట్‌లో కలిపారు. 1980లో ఏషియన్ ఇండియన్ అన్నారు. అదే మనుషులు, అవే ముఖాలు. పాపకి ఇది చెప్పండి, జపాన్‌తో మనల్ని ఎందుకు కలిపారో దానికదే అర్థమవుతుంది.

అలిపిరి పద్మ:
చాలా థ్యాంక్స్ సార్, పాప పక్కనే కూర్చుని చదివింది. 1970లో వైట్ అన్నది మాత్రం నమ్మలేకపోతోంది.

కుప్పం శీను:
నాకు ఒకటి నచ్చలేదు సార్. మనం ద్రవిడులం కదా. నార్త్ వాళ్లు ఆర్యులు, మనం ద్రవిడ రేస్. స్కూల్లో అదే చదువుకున్నాం. మా కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతాం, మూడూ ద్రవిడమే. రేస్ అనేదే లేదంటే ఇదంతా అబద్ధమా?

ద్రవిడ వర్సిటీ ఎంఏ:
శీను అన్నా, మీ ఊళ్లోనే 1997లో పెట్టిన యూనివర్సిటీలో చదివాను కాబట్టి చెబుతున్నా, ద్రవిడ అనేది భాషా కుటుంబం. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వీటికి వేరే మూలం ఉంది అని 1816లోనే మద్రాసు కలెక్టర్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా రాసిన వ్యాసంలో చూపించాడు. 1856లో కాల్డ్‌వెల్ దాన్ని పెద్ద పుస్తకంగా రాశాక ద్రవిడ అన్న పేరు స్థిరపడింది. అక్కడివరకు మాటల గురించి, క్రియల గురించి, వ్యాకరణం గురించి. ఆ తర్వాతే భాష పేరు తీసుకెళ్లి మనుషుల ఒంటికి తగిలించారు.

పాకిస్తాన్‌లో బలూచిస్తాన్ వైపు బ్రాహుయీ అని మాట్లాడతారు, అది ద్రవిడ భాషే. మాట్లాడేవాళ్లు చూడ్డానికి పక్కనున్న బలూచీల్లాగే ఉంటారు. వాళ్లది ఏ రేస్ అనాలి? ఇటు మధ్యభారతంలో గోండులదీ ద్రవిడ భాషే. భాష ఒక దారిలో పోతుంది, రక్తం ఇంకో దారిలో పోతుంది. మా ఇంట్లో అమ్మమ్మ వైపు తమిళం, నాన్న వైపు తెలుగు, వీధిలోకి వస్తే కన్నడం. ఇందులో రేస్ ఎక్కడ మారింది?

కుప్పం శీను:
అట్లా అయితే ద్రవిడ అనే గర్వం కూడా వద్దంటారా.

ద్రవిడ వర్సిటీ ఎంఏ:
ఎందుకొద్దు. భాష మీద, చరిత్ర మీద గర్వం ఉండాల్సిందే, నాకూ ఉంది. ముక్కు మీద, రంగు మీద వద్దంటున్నా.

మత్తు డాక్టర్, తిరుపతి:
డాక్టర్‌గా నేను కొంచెం చెప్పాలి. రేస్ లేదు అనగానే చాలామంది "అయితే మనుషుల ఒంట్లో తేడాలే లేవా" అని అడుగుతారు. తేడాలు ఉన్నాయి. అవి ఆ ఐదు గడుల ప్రకారం లేవు, అదీ సంగతి. 1972లో లెవాంటిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రక్తంలోని ప్రొటీన్ల మీద లెక్కలు వేస్తే, మనుషుల మధ్య జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే కనిపించాయి. రేస్‌కీ రేస్‌కీ మధ్య తేలింది 6 శాతం దాకా. అంటే మన తిరుపతి బస్టాండులో నిలబడ్డ ఇద్దరి మధ్య ఉండే తేడానే చాలా పెద్దది.

హైదరాబాద్‌లో జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ వాళ్లూ, అమెరికా వాళ్లూ కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన చూడండి. దేశంలో వాళ్లు చూసిన సమూహాల్లో దాదాపు అన్నీ రెండు పాత జనాల కలయికే, పాళ్లు మాత్రం వేరు. 2013లో వచ్చిన ఇంకో పరిశోధన ప్రకారం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కింద దాకా జరిగింది, ఆ తర్వాత బయట పెళ్లిళ్లు బాగా తగ్గిపోయాయి. ఎవరికి వారు లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారు.

దాని ఫలితం నా పనిలో నేరుగా కనిపిస్తుంది. ఆపరేషన్‌కి ముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్ కోలిన్ అని ఒక మందు ఇస్తాం, మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, అప్పుడు గంటల తరబడి ఊపిరి మెషీన్ మీద ఉంచాల్సి వస్తుంది. అందుకే ముందే అడుగుతాం, ఇంట్లో ఎవరికైనా మత్తు ఆలస్యంగా దిగిందా అని. అడిగితే దయచేసి దాచకండి, తప్పుగా అనుకోకండి. ఇది రేస్ కాదు. ఒక సముదాయం తరతరాలుగా లోపలే సంబంధాలు కలుపుకోవడం వల్ల వచ్చినది. అమెరికా ఫారంలో ఏషియన్ అని రాస్తే ఈ విషయం ఏ డాక్టర్‌కీ తెలియదు.

సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారిపోయే జబ్బు, అదీ అంతే. అమెరికాలో నల్లవాళ్ల జబ్బు అనేవాళ్లు. నిజానికి అది మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల పెరిగిన జన్యువు, గ్రీస్‌లో ఉంది, అరేబియాలో ఉంది, 1952లో మన నీలగిరి గిరిజనుల్లోనూ గుర్తించారు. కిడ్నీ రక్తాన్ని ఎంత బాగా వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే నంబర్ పరీక్షలో వస్తుంది చూడండి, అమెరికాలో నల్లవాళ్లకి ఆ నంబర్‌ని రేస్ పేరుతో పెంచి చూపించేవాళ్లు. కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు రిపోర్టు వచ్చేది, మార్పిడి లిస్టులోకి ఎక్కడం ఆలస్యమయ్యేది. 2021లో రేస్ తీసేసి కొత్త ఫార్ములా తెచ్చారు. తప్పు గడి వల్ల మనుషుల ప్రాణం మీదికి వస్తుంది, ఇది పుస్తకాల్లో వాదన మాత్రమే అనుకోవద్దు.

ఏర్పేడు హాస్టల్:
డాక్టర్ గారూ, బస్టాండు అన్నారు కాబట్టి నేను చూసింది రాస్తున్నా. నా రూమ్మేట్లు ఇద్దరిదీ మణిపూర్. ఒకడు మెయితెయి, ఇంకొకడు తంగ్‌ఖుల్ నాగా. వాళ్ల భాషలు ఒకరివి ఒకరికి రావు, ఇద్దరూ ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడుకుంటారు. మెయితెయి వాడిది వైష్ణవ కుటుంబం, ఇంట్లో కృష్ణుడి పూజ. నాగా వాడు చర్చికి పోతాడు. వాళ్ల ఊళ్లలో ఈ రెండు సముదాయాల మధ్య భూమి గురించి, చరిత్ర గురించి పెద్ద గొడవలే ఉన్నాయి. అది ఎత్నిసిటీ.

ఇక్కడికి వస్తే ఇద్దరూ ఒకటే. తిరుమల దర్శనానికి పోదామని ముందురోజు రాత్రి కింద ఒక లాడ్జిలో రూం అడిగితే నాకు ఆధార్ అడిగారు, వాళ్లకి పాస్‌పోర్ట్ అడిగారు. ఆధార్ చూపించినా మళ్లీ మళ్లీ తిప్పి చూశారు. నామం పెట్టుకుని క్యూలో నిలబడ్డవాణ్ని వెనక ఉన్నవాళ్లు ఏ దేశం అని అడుగుతున్నారు. అది రేస్. మనం వాళ్ల ముఖం చూసి వేసిన ముద్ర. నాకు ఈ తేడా పుస్తకంలో అర్థం కాలేదు, ఆ రోజు అర్థమైంది, చాలా బాధేసింది.

ఢిల్లీలో 2014లో అరుణాచల్ కుర్రాడు దాడిలో చనిపోయాక బెజ్‌బారువా కమిటీ వేశారు. ముఖం చూసి పేర్లు పెట్టి పిలిస్తే శిక్షపడేలా చట్టం మార్చాలని ఆ కమిటీ చెప్పింది. మన దేశంలో రేస్ సమస్య లేదు, అది అమెరికా గొడవ అనేవాళ్లు అది చదవాలి.

బంగారుపాళ్యం:
ఇంత చదివాక నేనొకటి అడుగుతా. మనకి కులం ఉండగా రేస్ గురించి అమెరికా దాకా పోవాలా? పుట్టుకతో ముద్ర వేస్తారు, మార్చుకోలేం, దూరంగా నిలబెడతారు. రెండూ ఒకటే కదా. ఊళ్లో మా వీధి ఎక్కడుందో చూస్తే చాలు, ముఖం కూడా చూడక్కర్లేదు.

ఎస్వీయూ ఆంత్రోపాలజీ:
అన్నా, మీరు చెప్పిన బాధ నిజం, దాన్ని తక్కువ చేయను. కులాన్ని రేస్‌గా చూపించాలని బ్రిటిష్ వాళ్లే ప్రయత్నించారు. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కు వెడల్పు, పొడవు కొలిచి, ముక్కును బట్టి కులం హోదా తెలుస్తుందన్నాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ మన దక్షిణాదిలో కొలతల టేపు పట్టుకుని తిరిగాడు. ఆ సిద్ధాంతాన్ని అంబేడ్కర్ 1936లోనే కొట్టేశారు. పంజాబ్ బ్రాహ్మణుడూ పంజాబ్ చమారూ ఒకే రేస్, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా ఒకే రేస్ అన్నారు. అందుకే కులం రేస్ కాదంటాను. రేస్ అని ఒప్పుకుంటే, ఒంట్లోనే తేడా ఉందన్న వాళ్ల మాటకి మనమే బలం ఇచ్చినట్టు.

బంగారుపాళ్యం:
అంబేడ్కర్ మాట నాకూ తెలుసు సార్. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో రేసిజం మీద ఐక్యరాజ్యసమితి సభ పెడితే మన దళిత సంఘాలు కులం గురించి మాట్లాడదామన్నాయి, మన ప్రభుత్వం కులం రేస్ కాదు కాబట్టి కుదరదంది. మీరు చెప్పిన మాటనే అడ్డం పెట్టుకుని నోరు మూయించారు. 2002లో ఐరాస కమిటీ వంశం వల్ల వచ్చే వివక్షలోకి కులం కూడా వస్తుందని చెప్పింది. పేరు ఏదైనా పెట్టండి. వివక్షని మాత్రం అదే తూకంతో తూచండి.

ఎస్వీయూ ఆంత్రోపాలజీ:
ఆ చివరి మాట దగ్గర మీతోనే ఉన్నాను.

చిత్తూరు వకీలు:
కోర్టులు దీన్ని ఎట్లా చూశాయో రెండు కేసులు చెబుతాను.

మొదటిది అమెరికాలో. భగత్ సింగ్ థింద్ పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పట్లో తెల్లవాళ్లు, ఆఫ్రికా మూలాలవాళ్లు మాత్రమే వలస వచ్చి పౌరసత్వం తీసుకోగలిగేవాళ్లు. 1922 నవంబర్‌లో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో సుప్రీంకోర్టు వైట్ అంటే కాకేసియన్ అంది, ఆయనకి కాదంది. మీ సైన్స్ ప్రకారం నేను కాకేసియన్‌నే కదా అని థింద్ వాదించాడు. 1923 ఫిబ్రవరిలో అదే కోర్టు, అదే జడ్జి, సైన్స్ మాకు అక్కర్లేదు, మామూలు జనం కంటికి నువ్వు వైట్ కాదు అన్నారు. అంతకుముందు పౌరసత్వం వచ్చిన భారతీయులకి కూడా దాన్ని తీసేయడం మొదలుపెట్టారు. చివరికి 1946 చట్టంతోనే మనవాళ్లకి పౌరసత్వం దారి తెరుచుకుంది. రేస్ ఎవరి చేతిలో ఉంటుందో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

రెండోది ఇంగ్లండ్‌లో, 1983. బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రైవేట్ స్కూల్ సిక్కు అబ్బాయిని తలపాగా తీసేసి జుట్టు కత్తిరించుకుంటేనే చేర్చుకుంటామంది. సిక్కులది మతం, రేస్ కాదు కాబట్టి రేస్ వివక్షని ఆపే చట్టం వర్తించదని స్కూల్ వాదన. అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. ఒక సముదాయానికి తమదే అయిన పొడవైన చరిత్ర జ్ఞాపకం, తమదే అయిన సంస్కృతి ఉంటే అది ఎత్నిక్ గ్రూప్, దానికి తోడు భాష, మతం, సాహిత్యం, మూలస్థానం లాంటివి ఉండొచ్చు అని చెప్పి సిక్కులకి రక్షణ ఇచ్చింది. పాపకి డెఫినిషన్ కావాలంటే ఈ తీర్పులో ఉన్నదే నాకు అన్నిటికంటే నచ్చింది.

పుత్తూరు రైలుకట్ట:
కపిలతీర్థం తమ్ముడు పైన భాష అన్నాడు కదా, దాని గురించి. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది, చెరుకు తోటల్లో కూలీలతో. ఆ తర్వాత యాభై ఏళ్లు, మధ్యలో కొన్నేళ్లు తప్ప, అట్లా ఓడలు పోతూనే ఉన్నాయి. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో ఉత్తర ఆర్కాటు వాళ్లు చాలామంది, అప్పట్లో మన చిత్తూరు కూడా ఆ జిల్లాలోనే ఉండేది, 1911లో కదా వేరుపడింది. వాళ్ల మనవలు, మునిమనవల ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషే. అయినా మేం తెలుగువాళ్లం అంటారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరు రాసి ఉంది. నోట్లో భాష పోయినా ఎత్నిసిటీ పోలేదు.

అదే దేశంలో 1950 చట్టం ప్రతి మనిషికీ రేస్ రాసింది. జుట్టులో పెన్సిల్ పెట్టి అది జారిపడుతుందా లేదా చూసేవాళ్లు. సాండ్రా లైంగ్ అనే అమ్మాయిని, కన్నవాళ్లిద్దరూ తెల్లవాళ్లే అయినా, 1966లో కలర్డ్ (మిశ్రమ జాతి) అని మార్చి స్కూల్ నుంచి పంపించేశారు. పదేళ్ల పిల్ల. మనవాళ్లు తెలుగా తమిళమా గుజరాతీయా ఆ చట్టానికి అనవసరం, అందరూ ఇండియన్, ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో కూడా ఆ ముద్రను బట్టే అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం నిర్ణయించింది.

పలమనేరు తండా:
నేను సుగాలీని. ఇంతవరకు చదువుతూ ఉన్నాను, ఇప్పుడు మా సంగతి చెప్పాలనిపించింది. మా తండా నుంచి కర్ణాటక బోర్డర్ దగ్గర. మేం ఇంట్లో గోర్ బోలి మాట్లాడతాం, సేవాలాల్ మహరాజ్‌ని కొలుస్తాం, తీజ్ చేసుకుంటాం. ముల్బాగల్ అవతల ఉన్నవాళ్లూ అంతే, మా చిన్నత్తని ఆ వైపే ఇచ్చాం. మేం ఇక్కడ ఎస్టీ. వాళ్లు అక్కడ ఎస్సీ. మహారాష్ట్రలో మావాళ్లు ఎస్టీ కాదు, ఎస్సీ కాదు, విముక్త జాతి అని వేరే లిస్టు. ఒకే మనుషులం, ఒకే పాటలు, ఒకే గోత్రాలు, పెళ్లిళ్లు కలుపుకుంటాం. బోర్డర్ దాటితే సర్టిఫికెట్ మారిపోతుంది. మాది ఎత్నిసిటీ అని మీరు చెప్పినదాని ప్రకారం నాకు అర్థమైంది. మరి ప్రభుత్వం ఎందుకు ముక్కలు చేసింది? అత్త కొడుకు ఇక్కడ మా ఇంట్లో ఉండి చదువుకుంటే ఎస్టీ వస్తుందా, ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

చిత్తూరు వకీలు:
రాదు బాబూ. రాజ్యాంగం 341, 342 ప్రకారం ఈ లిస్టులు రాష్ట్రం వారీగా ఉంటాయి. మన రాష్ట్రం నుంచి మహారాష్ట్రకి పోయిన ఎస్టీ కుటుంబం పిల్లవాడి కేసులో, అక్కడ ఆ రిజర్వేషన్ అడగలేమని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అత్త కొడుక్కి తండ్రిది కర్ణాటక కాబట్టి అక్కడి ఎస్సీ సర్టిఫికెటే, అక్కడి కాలేజీల్లో, సెంట్రల్ గవర్నమెంట్ వాటిల్లో పనికొస్తుంది. ఇక్కడ స్టేట్ కోటాలో చెల్లదు. మీ అత్త పుట్టుకతో వచ్చిన ఎస్టీ మాత్రం పెళ్లితో పోదు. ఎందుకు ముక్కలు అంటే, 1950ల్లో ఏ రాష్ట్రం లిస్టు ఆ రాష్ట్రం పంపింది. 1965లో లోకుర్ కమిటీ గిరిజనులకి పెట్టిన కొలమానాల్లో ప్రత్యేక సంస్కృతి ఒకటి, వెనకబాటు ఒకటి, ఒంటరిగా ఉండటం ఒకటి. అది రేస్ లెక్క కాదు, పూర్తిగా ఎత్నిసిటీ లెక్కా కాదు.

పలమనేరు తండా:
థ్యాంక్స్ సార్, ఇంత స్పష్టంగా మాకెవరూ చెప్పలేదు. ఇంకొక్క విషయం, అందరికీ. 2027 జనగణనలో కులం కూడా రాస్తారంట, 1931 తర్వాత ఇదే. దాంతోపాటు మాతృభాష కూడా అడుగుతారు. మా గోర్ బోలిని, అంటే లంబాడీ భాషని, లెక్కల్లో హిందీ కింద కలిపేస్తున్నారు. కనీసం ఎన్యూమరేటర్ కాగితంలో అయినా మా భాష పేరు మా పేరుగానే పడాలి. లెక్కలకి వచ్చినప్పుడు తెలుగు అనో హిందీ అనో చెప్పొద్దు, లంబాడీ అని చెప్పి, రాశారో లేదో చూసుకోండి అని మా తండాలో ఇప్పటి నుంచే ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాం.

కుప్పం శీను:
మా వైపు కూడా తండాలు ఉన్నాయి అన్నా. నాకు మెసేజ్ పెట్టు, ఇద్దరం కలిసి పోదాం.